ప్లానులో పార్కింగ్ ఉంది, బండ్లు మాత్రం రోడ్డు మీదున్నాయి: ఎందుకిలా?

సిరిమానోత్సవం రోజు పొద్దున్నే విజయనగరం మూడు లాంతర్ల కూడలి దగ్గర నిలబడి కోట వైపు చూస్తే, రోజూ తిరిగే దారే ఇంత వెడల్పుందా అనిపిస్తుంది. సాయంత్రం పైడితల్లి అమ్మవారి సిరిమాను (చివరన పూజారి కూర్చునే పొడవాటి మాను) గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరగాలి. అందుకని ఆ దారిలో బండి నిలపనివ్వరు. మర్నాటికి మళ్ళీ మామూలే. షాపుల ముందు రెండు వరసల బైకులు, వాటి పక్కన సరుకు దించుతున్న ట్రాలీ ఆటో, దాన్ని తప్పించుకుంటూ రోడ్డు మధ్యకొచ్చిన సైకిలు.

పాత బజారంటే సరే, రాజుల కాలం నాటి వీధులు. కానీ నిన్నా మొన్నా కట్టిన కాంప్లెక్సుల ముందు కూడా ఇదే పరిస్థితి. వాటికి ప్లాను అప్రూవల్ ఉంది, ప్లానులో పార్కింగ్ గీసుంది. "మరి బండ్లు బయటెందుకున్నాయి?" అని ఎవరినడిగినా "సెల్లారులో షాపులెట్టేశారు" అనేస్తారు. అదొక కారణమే గానీ మొత్తం కథ అది కాదు. నిబంధన తు.చ. తప్పకుండా పాటించిన భవనం ముందు కూడా బండ్లు రోడ్డెక్కుతాయి. భోగాపురం విమానాశ్రయం వైపూ, విశాఖ రోడ్డు వెంటా లేఅవుట్లు పడుతున్నాయి. అటు శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి చుట్టూ కొత్త భవనాలు లేస్తున్నాయి. ఈ లెక్క అసలు ఎలా వేస్తారో తెలుసుకోవడానికి ఇదే సమయం.

చోటును శాతాల్లో కొలిస్తే

ముందు కొన్ని మాటలు. నిర్మాణ విస్తీర్ణం అంటే అన్ని అంతస్తుల్లో కట్టిన మొత్తం వైశాల్యం. స్టిల్టు అంటే గోడల్లేకుండా స్తంభాల మీద నిలబెట్టి, బండ్ల కోసం వదిలిన నేలమట్టపు అంతస్తు. నేల కింద తవ్వేది సెల్లారు.

ఆంధ్రప్రదేశ్ భవన నిబంధనలు–2017 పార్కింగ్‌ను నిర్మాణ విస్తీర్ణంలో శాతంగా అడుగుతాయి. భవనం ఇళ్ళకా, మాల్‌కా, ఆసుపత్రికా, కళ్యాణ మండపానికా అన్నదాన్ని బట్టి, ఊరి స్థాయిని బట్టి ఆ శాతం మారుతుంది. ఇంత శాతానికి తగ్గకూడదు అని చెప్పే ఇలాంటి పద్ధతినే కనీస పార్కింగ్ నిబంధన అంటారు. మాట తప్పకుండా ఉండటానికి, నిర్మాణ విస్తీర్ణంలో పది శాతాన్ని బిల్డరు అనుమతిచ్చే సంస్థకు తనఖా పెట్టాలి. భవనం ప్లాను ప్రకారమే కట్టారని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే అది విడుదలవుతుంది.

శాతం లెక్కలో ఓ సుగుణముంది. అధికారికి తనిఖీ సులువు. టేపు పట్టి కొలిస్తే సరిపోతుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. ఆ చోట్లో ఏ బండి నిలబడుతుంది, ఎలా లోపలికెళ్తుంది, ఎలా బయటికొస్తుంది అన్న ప్రశ్నలకు వైశాల్యం ఒక్కటే జవాబు చెప్పదు.

దేశంలో పట్టణ ప్రణాళికలు వేసేవాళ్ళు ఇంకో కొలత వాడతారు, కారు సమానం అని. ఒక కారు నిలబడటానికీ, తిరగడానికీ కలిపి ఎంత చోటు కావాలో చెప్పే లెక్క ఇది. ఆరుబయటైతే 23 చదరపు మీటర్లు, స్టిల్టులోనైతే 28, సెల్లారులోనైతే 32. నిజానికి కారు నిలబడే గడి అయిదు మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు, అంటే పన్నెండున్నర చదరపు మీటర్లే. మిగతాదంతా కారు గడిలోకి వెళ్ళి రావడానికి వదలాల్సిన దారి. స్టిల్టులో స్తంభాలు అడ్డం, సెల్లారులో వాటికి తోడు ర్యాంపు (బండ్లు దిగే వాలు దారి), అందుకే అంకె పెరుగుతూ పోతుంది.

28 చదరపు మీటర్లంటే మన కొలతలో ఎంత? మూడు వందల చదరపు అడుగులు. ప్రభుత్వం పట్టణ పేదలకి కట్టించిన టిడ్కో ఇళ్ళలో అన్నిటికన్నా చిన్నది కూడా మూడు వందల చదరపు అడుగులే. అంటే ఒక కుటుంబం వండుకుని, పడుకుని, పిల్లల్ని చదివించుకునే ఇల్లూ, స్టిల్టులో ఒక కారుకిచ్చే చోటూ ఒకటే. ఈ పోలిక గుర్తుంటే తర్వాత వచ్చే వాదాలన్నీ సులువుగా అర్థమవుతాయి.

ఒకే స్టిల్టు: పది బండ్లా, యాభై ఒకటా?

ఒక లెక్క చేసి చూద్దాం. ఇది ఊహించిన భవనమే గానీ ఇటువైపు కడుతున్నవాటికి దగ్గరగానే ఉంటుంది. ఆరు వందల గజాల స్థలం, అంటే సుమారు 500 చదరపు మీటర్లు. సెట్‌బ్యాకులు (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ) పోగా 300 చదరపు మీటర్ల మేర భవనం, స్టిల్టు మీద అయిదంతస్తులు, అంతస్తుకి మూడు చొప్పున పదిహేను ఫ్లాట్లు. నిర్మాణ విస్తీర్ణం 1,500 చదరపు మీటర్లు. లెక్క కోసం పార్కింగ్ ఇరవై శాతమనుకుందాం. 300 చదరపు మీటర్లు కావాలి. స్టిల్టు సరిగ్గా అంతే ఉంది కనుక కాగితం మీద నిబంధన నెరవేరింది.

అందులో కార్లు మాత్రమే గీస్తే, 300ని 28తో భాగిస్తే, పది కార్లు. మెట్లు, లిఫ్టు, వాచ్‌మన్ గది తీసేస్తే ఇంకా తగ్గుతాయి. అది పక్కన పెట్టినా పదిహేను ఫ్లాట్లకి పది గళ్ళు. మరి బైకులో? ప్లానులో వాటికి ప్రత్యేకంగా గీత లేకపోతే స్తంభాల మధ్యా, కార్ల వెనకా, చివరికి గేటు బయటా దూరుతాయి.

ఇప్పుడు అదే స్టిల్టును వేరేగా గీద్దాం. ఇంటికి రెండు బైకుల చొప్పున ముప్ఫై. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం బైకు నిలబడటానికి కనీసం 1.25 చదరపు మీటర్లు, సైకిలుకి ఒక చదరపు మీటరు కావాలి. దారి కోసం రెట్టింపు వేసుకుంటే ముప్ఫై బైకులకి 75, ఇంటికొకటి చొప్పున పదిహేను సైకిళ్ళకి 30. మొత్తం 105. మిగిలిన 195 చదరపు మీటర్లలో ఆరు కార్లు పడతాయి. ఆరు కార్లు, ముప్ఫై బైకులు, పదిహేను సైకిళ్ళు కలిపి యాభై ఒక్క బండ్లు. నాలుగు కార్ల చోటు వదులుకుంటే నలభై అయిదు బండ్లకి నీడ దొరికింది. చట్టం దృష్టిలో మాత్రం రెండు ప్లాన్లూ సమానమే, రెండూ 300 చదరపు మీటర్లే.

నా మటుకు నాకు ఈ విషయంలో అసలైన మెలిక ఇదే అనిపిస్తుంది. పార్కింగ్ "ఎంత" అని గట్టిగా పోట్లాడుకుంటాం గానీ "దేనికి" అని అడగం. 2011 జనాభా లెక్కల నాటికి దేశంలో నూటికి నలభై అయిదు ఇళ్ళలో సైకిలుంది, ఇరవై ఒక్క ఇళ్ళలో బైకో స్కూటరో ఉంది, కారున్న ఇళ్ళు అయిదు కూడా లేవు. ఆ తర్వాత బైకులు బాగా పెరిగాయి, కార్లూ పెరిగాయి. అయినా రెండు లక్షల పైచిలుకు జనాభా ఉన్న విజయనగరం లాంటి ఊరు ఇవాళ్టికీ ప్రధానంగా రెండు చక్రాల మీదే నడుస్తోందని రోడ్డు చూసిన ఎవరికైనా తెలుస్తుంది.

స్టిల్టు చాలకపోతే సెల్లారు తవ్వుకోవచ్చు కదా అంటారు. చిన్న స్థలంలో అది కుదిరే పని కాదు. మూడు మీటర్ల లోతుకి ఎనిమిదికి ఒకటి వాలుతో ర్యాంపు వేస్తే దాని పొడవే 24 మీటర్లు. మన ఉదాహరణలో స్థలం చదరంగా ఉందనుకుంటే ఒక వైపు పొడవు ఇరవై రెండు మీటర్ల చిల్లర. ర్యాంపే స్థలం దాటిపోతోంది! ర్యాంపు నిట్టనిలువుగా కట్టి లెక్క సరిపెడితే, ఆ వాలు దిగడానికి భయపడి స్కూటీ నడిపే ఆడవాళ్ళూ, పెద్దవాళ్ళూ బండి పైనే వదిలేస్తారు. సెల్లారు ఖాళీగా ఉండి రోడ్డు నిండిపోవడానికి ఇదో కారణం. పైగా తుఫాన్ల జిల్లాలివి. వానాకాలంలో కింద నీళ్ళు చేరితే తోడిపోసే ఖర్చు ఏటేటా తప్పదు.

సరుకు దించే చోటు ఎవరి లెక్కలోనూ లేదు

ఒక దుకాణానికి వచ్చే జనం గురించి ఆలోచించినంతగా ఆ దుకాణానికి వచ్చే సరుకు గురించి ఆలోచించం. లోడింగ్ బే అంటే సరుకు బండి ఆగి, దించి, వెళ్ళిపోవడానికి కేటాయించిన గడి. పార్కింగ్ గడిలో బండి గంటల తరబడి ఉండిపోతుంది. ఇక్కడ నిమిషాల్లో ఖాళీ అవుతుంది. కొలత కూడా వేరు. జాతీయ నియమావళి వాణిజ్య భవనాలకు, గొడౌన్లకు, పరిశ్రమలకు మొదటి 200 చదరపు మీటర్లు దాటాక ప్రతి వెయ్యి చదరపు మీటర్లకో, అందులో కొంత భాగానికో ఒక లోడింగ్ గడి ఉండాలంటుంది. దాని పొడవు ఏడున్నర మీటర్లు. కారు గడిలో అది పట్టదు. స్టిల్టు కప్పు ఎత్తు సరిపోక లోపలికే వెళ్ళలేని లారీలు కూడా చాలా ఉంటాయి.

ఎన్ని గళ్ళు కావాలో చూద్దాం. పన్నెండు షాపుల కాంప్లెక్సు, షాపుకి రోజుకి మూడు డెలివరీలు, మొత్తం ముప్ఫై ఆరు. ఒక్కోదానికి ఇరవై నిమిషాలు. అంతా కలిపి 720 నిమిషాలు, అంటే పన్నెండు గంటలు. ఒకదాని తర్వాత ఒకటి వరసగా వస్తే రోజంతా కలిపి ఒక్క గడి చాలు. కానీ అలా రావు. విశాఖ నుంచి వచ్చే బండ్లూ, పార్సిల్ ఆఫీసుల నుంచి బయల్దేరే ట్రాలీ ఆటోలూ ఎక్కువగా పది నుంచి పన్నెండు మధ్యే వాలతాయనుకుందాం. సగం, అంటే పద్ధెనిమిది, ఆ రెండు గంటల్లోనే వచ్చాయంటే 360 నిమిషాల పని 120 నిమిషాల్లో అవ్వాలి. మూడు గళ్ళు కావాలి. ఒక్కటే ఉంటే మిగతా రెండు బండ్లు నిలబడేది రోడ్డు మీదే. సరిగ్గా కొనుగోలుదార్లు వచ్చే వేళకి.

అన్నిటినీ పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది మధ్యకి జరిపితే? 720 నిమిషాల పని 180 నిమిషాల్లో పూర్తవ్వాలి, నాలుగు గళ్ళు కావాలి. గళ్ళు పెరిగాయి గానీ ఆ వేళకి కాంప్లెక్సు ముందున్న పార్కింగ్ ఖాళీ. ఒకే చోటు పొద్దున సరుక్కీ, పది దాటాక జనానికీ పనికొస్తుంది. కొత్త భవనంలో ఇది ప్లాను దశలోనే తేల్చాలి. ముందు భాగంలో స్తంభాలెక్కడ వస్తాయి, గేటు ఎంత వెడల్పు అన్నవి తర్వాత మార్చలేం కాబట్టి.

ఇది బజారు సంగతే అనుకోకూడదు. అపార్ట్‌మెంటుకీ సరుకొస్తుంది. గ్యాస్ బండి, మంచినీళ్ళ టిన్నులు, ఆన్‌లైన్ పార్సిళ్ళు, చెత్త బండి, ఇల్లు మారేవాళ్ళ సామాను లారీ, స్కూలు బస్సు, అవసరం పడితే అంబులెన్సు. గేటు పక్కన రెండు బండ్లు ఆగేంత జేబు లాంటి చోటు వదిలితే ఇవన్నీ రోడ్డుకి అడ్డం కాకుండా పోతాయి. ఖర్చు పెద్దగా ఉండదు, కాకపోతే ఆ జాగా అమ్ముకోవడానికి పనికిరాదు.

సైకిలుకి చోటివ్వడం అంటే ఓ మూల చూపించడం కాదు

ప్రభుత్వ బడుల ఆడపిల్లలకి "బడికొస్తా" పథకం కింద సైకిళ్ళు పంచిన రాష్ట్రం మనది. మిల్లు షిఫ్టుకి వెళ్ళే కార్మికుడు, పాలు పోసే మనిషి, తాపీ మేస్త్రీ, పనిమనిషి, ఇలా సైకిలు వాడేవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు. భవనం ప్లాను గీసే బల్ల చుట్టూ మాత్రం వాళ్ళుండరు.

సైకిలు స్టాండు మంచిదో కాదో చెప్పే గుర్తులు కొన్నున్నాయి. ముందు చక్రాన్ని మాత్రమే పట్టుకునే గాడి స్టాండులో సైకిలు ఒరిగితే రిమ్ము వంకరపోతుంది, తాళం కూడా చక్రానికే పడుతుంది. నేలలో పాతిన తలకిందుల యు ఆకారపు ఇనుప గొట్టమైతే ఫ్రేముని, చక్రాన్ని కలిపి తాళం వెయ్యొచ్చు, అటొకటి ఇటొకటి రెండు సైకిళ్ళు నిలబడతాయి. గొట్టానికీ గొట్టానికీ మీటరు దూరం చాలు. ఖరీదు తక్కువే. అసలు సంగతి అదెక్కడ పెట్టారన్నది. గేటుకి దగ్గరగా, వాచ్‌మన్ కళ్ళెదుట, నీడలో ఉంటే వాడతారు. సెల్లారు చివర జనరేటరు పక్కన పెడితే ఎవరూ అంతదూరం వెళ్ళరు. వాడకపోతే "చూశారా, సైకిళ్ళెవరికి కావాలి" అని ఆ చోటునీ కారుకిచ్చేస్తారు.

లండన్ 2021 ప్రణాళికలో రెండు, అంతకన్నా ఎక్కువ పడకగదులున్న ప్రతి కొత్త ఇంటికీ కనీసం రెండు సైకిళ్ళకి చోటుండాలి. కారు గళ్ళకి అక్కడ గరిష్ఠ పరిమితి ఉంది, సైకిలుకి కనీస పరిమితి ఉంది. మన పద్ధతికి ఇది సరిగ్గా తిరగేసిన లెక్క. దీన్ని బట్టి తర్వాతి వాదంలోకి వెళ్ళొచ్చు.

తప్పనిసరి చెయ్యాలా, వదిలెయ్యాలా: రెండు వైపుల మాట

కనీస పార్కింగ్ ఉండాలనేవాళ్ళ వాదం సూటిగా ఉంటుంది. బిల్డరు అమ్ముకునేది ఫ్లాటు, షాపు. చట్టం పట్టుబట్టకపోతే ఒక్క గడి కూడా వదలడు. ఆ భారం పక్కింటివాళ్ళ మీదా, రోడ్డు మీదా పడుతుంది. అప్పుడు అంబులెన్సు వెళ్ళడానికి దారుండదు. ఇందులో అతిశయోక్తేమీ లేదు.

ఎదుటి వాదం ఏమిటంటే, గడి ఉచితంగా రాదు. ఫ్లాటు ధరలో అది కలిసే ఉంటుంది, కారు లేనివాళ్ళు కూడా దానికి డబ్బు కడుతున్నట్టే. ఇందాక చూసిన మూడు వందల చదరపు అడుగులు గుర్తుచేసుకుంటే ఆ భారం ఎంతో తెలుస్తుంది. చోటు సిద్ధంగా ఉంటే కార్లు కొనడం కూడా పెరుగుతుందంటారు. 2004లో లండన్, 2017లో మెక్సికో సిటీ కనీస నిబంధన తీసేసి గరిష్ఠ పరిమితి పెట్టాయి. అదే 2017లో అమెరికాలో బఫెలో నగరం ఊరంతటికీ కనీస నిబంధన ఎత్తేసింది.

జపాన్ మూడో దారి పట్టింది. అక్కడ 1962 నుంచీ కారు కొనేవాడే బండి పెట్టుకోవడానికి చోటుందని రుజువు చూపించాలి. అంటే బాధ్యత భవనం మీద కాకుండా బండి మీద పెట్టారు. మన దేశపు 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం కూడా పార్కింగ్ రుసుము ఆ భూమి విలువను ప్రతిబింబించాలంది.

వీటిని తూచేటప్పుడు ఒకటి మర్చిపోకూడదు. లండన్‌లో గడి తగ్గిస్తే ఎక్కడానికి భూగర్భ రైలుంది. విజయనగరంలో ఆర్టీసీ బస్సూ, షేర్ ఆటోనే. రోడ్డు పక్కన బండి పెట్టడం ఉచితంగా ఉన్నంతకాలం భవనంలో కనీస నిబంధన తీసేస్తే బండ్లు తగ్గవు, చోటు మారతాయంతే. కనక కనీస నిబంధనను ఉన్నపళంగా తీసెయ్యడం ఇక్కడ నష్టమే చేస్తుందని నా అభిప్రాయం. కానీ ఆ శాతాన్ని కార్లకింత, బైకులకింత, సైకిళ్ళకింత, సరుక్కింత అని విడగొట్టడానికి రైలు రానక్కర్లేదు.

ముహూర్తాల రోజుకి కట్టాలా, మామూలు రోజుకా?

అన్నిటికన్నా తేల్చుకోలేని ప్రశ్న కళ్యాణ మండపానిది. రాత్రి భోజనాల వేళ ఎనిమిది వందల మంది ఉన్నారనుకుందాం. సగం మంది బైకుల మీద ఇద్దరిద్దరు వస్తే రెండు వందల బైకులు. పావు వంతు కార్లలో నలుగురేసి వస్తే యాభై కార్లు. మిగతావాళ్ళు బస్సులు, ఆటోలు. బైకుకి దారితో కలిపి రెండున్నర చదరపు మీటర్లు వేస్తే 500, ఆరుబయట కారుకి 23 వేస్తే 1,150. మొత్తం 1,650 చదరపు మీటర్లు, సుమారు నలభై ఒక్క సెంట్లు. ఊళ్ళో నలభై ఒక్క సెంట్లు ఎంత పలుకుతాయో చెప్పక్కర్లేదు.

ఆ చోటు నిండేది ముహూర్తాలున్న రాత్రుళ్ళే. మూఢంలో ఖాళీ, ఆషాఢంలో ఖాళీ, పగటిపూట చాలావరకు ఖాళీ. పక్కనే పగలు నడిచే బ్యాంకో, బడో, ఆఫీసో ఉంటే ఇద్దరూ ఒకే చోటు వాడుకోవచ్చు. దీన్నే ఉమ్మడి పార్కింగ్ అంటారు. వినడానికి బాగుంటుంది. ఆచరణలో ఇద్దరు యజమానుల మధ్య రాతపూర్వక ఒప్పందం కావాలి. ఒకరు స్థలం అమ్మేస్తే ఏమవుతుందో అందులో ఉండాలి. ఒక్కో స్థలాన్ని విడిగా చూసి ఇచ్చే అనుమతుల్లో ఇది ఇమడదు. పెద్ద లేఅవుటు ఒకేసారి గీసేటప్పుడైతే సులువు.

గడి ఎవరిది?

కొనేవాళ్ళు ఎక్కువగా తికమక పడేది ఇక్కడ. స్టిల్టు పార్కింగ్‌ను ఫ్లాటు నుంచి వేరుచేసి విడిగా అమ్మే హక్కు బిల్డరుకి లేదని ముంబైకి సంబంధించిన కేసులో 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే 2016 నాటి రెరా చట్టం ఆరుబయటి పార్కింగ్‌ను అందరి ఉమ్మడి ఆస్తిగా లెక్కగట్టింది, గోడలూ కప్పూ ఉన్న గ్యారేజీని మాత్రం వేరుగా చూసింది. వికలాంగుల కోసం ప్రవేశద్వారానికి ముప్ఫై మీటర్ల లోపు 3.6 మీటర్ల వెడల్పు గడులు ఉండాలని జాతీయ మార్గదర్శకాలున్నాయి. చక్రాల కుర్చీ తలుపు పక్కన దించడానికే ఆ అదనపు వెడల్పు. విద్యుత్ వాహనాల ఛార్జింగ్ కోసం పార్కింగ్‌లో ఇరవై శాతం సిద్ధంగా ఉంచాలని 2019లో కేంద్రం నమూనా నిబంధనల్లో చేర్చింది. స్టిల్టులో మొదటి రోజే వైరు గొట్టం వేసి ఉంచితే తర్వాత గోడలు పగలగొట్టక్కర్లేదు.

ఇప్పటికే కట్టేసిన బజారు సంగతి

విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల కొత్తగా గడులు పుట్టించలేం. అక్కడ పంచుకోవడానికి మిగిలింది వేళలే. సరుకు పొద్దున తొమ్మిది లోపు దిగిపోవాలని చాలా ఊళ్ళలో లాగే ఇక్కడా అనుకోవచ్చు, పైన వేసిన లెక్క కూడా అదే చెబుతోంది. కానీ దాని ఖర్చు లారీ యజమాని మీద పడదు. ఆరింటికి బండి రావాలంటే అయిదున్నరకి షట్టరు తియ్యడానికి మనిషుండాలి, బస్తాలు దించడానికి కలాసీలుండాలి. ఆ వేళకి ఊరి చివర నుంచి బజారుకి షేర్ ఆటోలు ఇంకా పలచగానే ఉంటాయి. ఈ పనివాళ్ళలో ఎక్కువమంది గాజులరేగ నుంచో, అంతకన్నా దూరం నుంచో సైకిలు తొక్కుకుంటూ వస్తారు. లోడింగ్ వేళ మార్చే కాగితం మీద వాళ్ళ సైకిళ్ళకి స్టాండు కూడా గీస్తారా అన్నది చూడాలి.